ముత్తాతగారికి కబురు

పొద్దున ఆరింటినుంచి హ్యాంగ్‌సుక్ నేల మీద గొంతుక్కూర్చుని చేప ముక్కల్ని గుడ్డుసొనలో ముంచి వేయిస్తోంది. అప్పటికి నాలుగో పళ్ళెం. "అంచులు మాడనివ్వకు, పెద్దవాళ్ళకి పెట్టేది," అంది అత్తగారు గుమ్మంలో నిలబడి. ఇరవై ఏడేళ్ళుగా అదే గుమ్మం, అదే మాట. అంచులు ఒక్కసారీ మాడలేదు. ఆ సంగతి మాత్రం ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఇవాళ మూడో నెల తొమ్మిదో తిథి, ఈ ఇంటి ముత్తాతగారి తద్దినం. ఆన్‌దొంగ్‌లో వంశానికి పెద్దిల్లు అనిపించుకున్న ఇంటికి పెద్ద కోడలిగా రావడమంటే ఏడాదికి పది తద్దినాల్ని కోరి నెత్తికెత్తుకోవడమే. వంట ఆడవాళ్ళది, మొక్కు మగవాళ్ళది. సాయంత్రం ఏడింటికి గుర్రపు వెంట్రుకల టోపీలు పెట్టుకుని, తెల్లటి అంగీలు తొడుక్కుని పద్దెనిమిదిమంది మగవాళ్ళు వరసగా వంగుతారు. ఆ వేళకి తను ముల్లంగి సూప్ పొంగిపోకుండా పొయ్యికి కాపలా కాస్తుంటుంది. తన వంట తినే ముత్తాతగారిని ఒక్కసారైనా ఎదురుగా నిలబడి పలకరించింది లేదు.

అమ్మ పోయింది కూడా ఇదే తిథిన. కిందటేడు ఇదే పెనం ముందుండగా చెల్లెలు ఫోన్ చేసింది, అక్కా, అమ్మకి ఊపిరాడట్లేదు, వచ్చెయ్ అని. "ఆ పళ్ళెం కానిచ్చి వెళ్ళు," అంది అత్తగారు. కానిచ్చింది. ఆ కానివ్వడమే ఏడాదిగా గొంతులో ముల్లులా దిగబడి ఉంది. అమ్మ ఉండే యొంగ్‌జు గంట దారి కూడా కాదు, అయినా వెళ్ళేసరికి అమ్మ చెయ్యి చల్లబడిపోయింది. తిట్టుకోవాలంటే అత్తగారిని తిట్టుకోవచ్చు, కానీ ఆ ముక్కలు అటూ ఇటూ తిప్పిన చెయ్యి ఎవరిది? చెల్లెలు పిలిచాక కూడా తిప్పుతూనే ఉంది కదా! పైగా చంద్రుణ్ణి బట్టి నడిచే తిథులాయె, రెండు తద్దినాలూ ఏటా కలిసే వస్తాయి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడని సరిపెట్టుకునే వీల్లేదు. ఇవాళ ఊరుకుంటే, తను బతికున్నన్నాళ్ళూ అమ్మ పోయిన రోజున ఇక్కడ చేపలు వేయిస్తూనే ఉంటుంది.

ఇవాళ పదకొండింటికి చెల్లెలు హ్యాంగ్‌రాన్ ఫోన్ చేసింది. "పెదనాన్న కొడుకు రానన్నాడక్కా. చర్చిలో చేరాడట, మొక్కడం పాపమట. అమ్మకి కొడుకుల్లేరని పొలం తన పేర రాయించుకున్నప్పుడు గుర్తురాలేదు కాబోలు పాపం! నేనొక్కదాన్నే ఏం చెయ్యను? నువ్వు రావా?"

"చూస్తాను," అంది హ్యాంగ్‌సుక్. అన్నాక తన మాట మీద తనకే రోత పుట్టింది. చూస్తాను, చూస్తాను... ఏం చూసింది ఇన్నేళ్ళూ? నిన్న మొగుడితో అంటే, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఒక్క పూటే కదా, సర్దుకో మిన్‌గ్యు అమ్మా," అన్నాడు, ఎప్పటిలా కొడుకు పేరు పెట్టి పిలుస్తూ. ఆ ఒక్క పూట ఎవరు సర్దుకోవాలన్నది ఆయనకి ఎప్పుడూ సందేహం రాదు. పెళ్ళైన కొత్తలో జ్వరంతో ఉన్నప్పుడూ ఇదే మాట, నెలలు నిండి కాళ్ళు వాచినప్పుడూ ఇదే మాట. సర్దుకుని సర్దుకుని తనకి కూర్చోవడానికి జానెడు చోటు లేకుండా పోయింది. నూనె చిటపటలాడుతోంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఈసారి పొయ్యి కట్టేసింది.

మామగారు వసారా గదిలో సిరా నూరుతున్నారు, సాయంత్రం తద్దినంలో పెద్దల ముందు చదివే విన్నపం రాయడానికి. శనివారాలు ఊళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మనిషి పుట్టుకతో మంచివాడేననీ, ఎవరి స్థానంలో వాళ్ళుంటే లోకం చల్లగా ఉంటుందనీ పాఠం చెప్తారు. మంచివాడే ఆయన, ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగరు. అదే చిక్కు. చెడ్డవాడైతే చెడామడా దులిపేసేది.

"మామయ్యా, ఇవాళ మా అమ్మ తద్దినం. చేసేవాళ్ళు లేరు."

"అయ్యో. మీ వంశంలో మగపిల్లాడు లేడా?"

"ఉన్నాడు. రాడట. నేను వెళ్ళి చేస్తాను. ఆ విన్నపం కూడా మీరే రాసివ్వండి."

"రాతదేముందమ్మా," అంటూ ఆయన కుంచె అందుకున్నారు. అంతలోనే ఆగారు. "చేసేది కొడుకైతే మొదట 'భక్తిగల కొడుకు ఫలానా' అని రాయాలి. మనవడైతే మనవడని. కూతురు చేస్తే ఏం రాయాలో మన నమూనాలో లేదు తల్లీ." ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "అయినా నువ్విప్పుడు ఈ ఇంటి మనిషివి. పెద్ద కోడలు లేకుండా తద్దినమేమిటి? రేపు పైనున్న పెద్దవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"మీరెందుకు, నేనే చెప్పుకుంటాను."

ఈ ఇంట్లో ఎవరు ఏ పని మీద ఊరు దాటినా, పరీక్షకైనా ఆపరేషన్‌కైనా, పెరటి మందిరంలో పెద్దల పేర్ల పలకల ముందు నిలబడి చెప్పి వెళ్ళడం ఆచారం. చెప్తుండగా ఎవరూ నోరెత్తకూడదు, చెప్పాక ప్రయాణం మానకూడదు. చెప్పే నోరు మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ మగనోరే. హ్యాంగ్‌సుక్ చేతులు కడుక్కుంది, పెరడు దాటింది, మందిరం తలుపు గడియ తానే తీసింది. తలుపు బార్లా తోసింది.

"ఓసి నీ దుంప తెగ, ఎక్కడికే ఆ పోవడం!" అత్తగారు చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చింది. వెనకాలే మొగుడు. ఆ సరికే హ్యాంగ్‌సుక్ మొక్కుతోంది. పద్ధతి ప్రకారం మగవాళ్ళకి రెండు మొక్కులు, ఆడవాళ్ళు మొక్కితే నాలుగు. ఇందులో కూడా రెట్టింపే.

మామగారు మెట్ల దగ్గర నిలబడిపోయి చెయ్యెత్తారు. "మొదలుపెట్టేసింది. ఇప్పుడెవరూ మాట్లాడకూడదు," అన్నారు గొణుగుతున్నట్టు. జీవితమంతా నమ్మిన పద్ధతి ఆయన్నే నోరు కట్టి నిలబెట్టింది.

"ముత్తాతగారూ," అంది హ్యాంగ్‌సుక్. "నేను క్వొన్ వారి హ్యాంగ్‌సుక్‌ని. ఇరవై ఏడేళ్ళుగా మీకు వండిపెడుతున్నదాన్ని. మనకి ముఖపరిచయం లేదు. కిందటేడు ఇదే రోజు మా అమ్మ నాకోసం చూసి చూసి పోయింది. ఇవాళ ఆవిడకి అన్నం పెట్టడానికి యొంగ్‌జు వెళ్తున్నాను. వచ్చే ఏడూ వెళ్తాను, ఆపై ఏడూ వెళ్తాను. మీకూ ఒక అమ్మ ఉండే ఉంటుంది కాబట్టి నాకు కోపగించుకోరనే అనుకుంటున్నాను. సాయంత్రం మీ వంట, వడ్డన మీ మనవలూ మునిమనవలూ చూసుకుంటారు. కాస్త ఆలస్యమైతే ఓపిక పట్టండి. వాళ్ళకిది మొదటిసారి."