సుగంధి క్రీము

గిన్నె కింద ఐసు కరిగి నీళ్ళయింది. హెలెన్ ఆ నీళ్ళు పారబోసి, ఇంకో గుప్పెడు ఐసుముక్కలు పోసి, వెన్న గిన్నెను మళ్ళీ దాని మీద కూర్చోబెట్టింది. మార్చి నెల, పదకొండు గంటలకే రేకుల ఇల్లు పెనంలా కాలుతోంది. గేదె వెన్న తెల్లగా, బరువుగా ఉంటుంది. బీటరుతో గిలక్కొడితే గాలి పట్టి దూదిలా ఉబ్బుతుంది. కాస్త ఆదమరిస్తే నూనె తేలుతుంది. అప్పుడిక దాన్ని కేకు మీద పూయలేం.

కంటికి కనబడేదంతా హెలెన్ చూసుకోగలదు. పంచదార పొడి జల్లించి మూడు విడతలుగా కలుపుతుంది. గరిటె పైకెత్తి క్రీము కొస నిలబడుతుందో లేదో చూస్తుంది. తీపి, ఉప్పు నాలుకకు తెలుస్తాయి. వాసన మాత్రం తెలియదు. ఏలకులు వేశారో వెనీలా వేశారో ఆమెకు ఒకటే. ముక్కు చచ్చిపోయి పదకొండేళ్ళు.

దానంతటది చావలేదు, చంపారు. గుంటూరు మిరపకాయల గోడౌన్లలో ఇరవై రెండేళ్ళు తొడిమలు తీసింది హెలెన్. నేల మీద కూర్చుంటే చుట్టూ ఎర్రటి గుట్టలు, నెత్తిమీద ఎర్రటి దుమ్ము. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పినవాళ్ళు వందమంది. గుడ్డ తెచ్చి ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. మొదట్లో తుమ్ములు, తర్వాత ముక్కులో నెత్తురు చారలు, ఆ తర్వాత ఏమీ లేదు. ఒకరోజు పొయ్యి మీద అన్నం మాడి బొగ్గయింది. పక్కింటి జైతున్‌బీ గోడవతల నుంచి అరిచేదాకా గుమ్మంలో కూర్చున్న హెలెన్‌కు తెలియలేదు. దేశమంతా కూరలో వేసుకునే కారంలో ఆమె ముక్కు కూడా కలిసింది. ఆ సంగతి ఏ సంచి మీదా రాయరు.

దగ్గు పట్టుకున్నాక గోడౌన్ మానేసి, ఫోన్లో చూసి కేకులు నేర్చుకుంది. డాల్డా క్రీము కాకుండా అసలు వెన్నతో చేస్తుందని పేరొచ్చింది. ఆ పేరులో సగం జైతున్‌బీదే. పెళ్ళిళ్ళకు నలభై ఏళ్ళు బిర్యానీ వండిన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటాయి, మోకాళ్ళు పోయాయి. ముక్కు మాత్రం పోలేదు. వీధి చివర ఎవరింట్లో పోపు మాడినా మంచం మీంచే చెప్పేస్తుంది. హెలెన్ చేసిన ప్రతి క్రీమూ ముందు ఆమె నాలుక మీదికి వెళ్ళాల్సిందే. ఈ సంగతి వాళ్ళిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాసన తెలియని మనిషి చేసిన కేకు ఎవరు కొంటారు?

పోయిన క్రిస్మస్‌కు జైతున్‌బీ పర్చూరులో కూతురింటికి వెళ్ళింది. హెలెన్ ధైర్యం చేసి ఒక్కతే కేకు చేసి పంపింది. వెన్న పాడయిందని ఆమెకు తెలియలేదు. కేకు వెనక్కొచ్చింది. తెచ్చినావిడ వీధిలో నిలబడి అందరికీ వినబడేలా తిట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కరే మానేశారు. మిగిలింది బ్రాడీపేట డాక్టరమ్మ ఒక్కతే. ఇవాళ ఆమె తల్లికి ఎనభై నిండుతున్నాయి. ఆ పెద్దావిడకు చిన్నప్పటి సుగంధి షర్బత్ మీద మనసు పోయిందట, కేకు క్రీములో ఆ రుచి కావాలట. ఇది చెడితే హెలెన్ మళ్ళీ ఆ ఎర్రటి గుట్టల ముందు కూర్చోవాలి.

షర్బత్ పోస్తే నీళ్ళకు వెన్న విరిగిపోతుంది. దానికి ఉపాయం జైతున్‌బీయే చెప్పింది. సుగంధి వేళ్ళు కడిగి, ఆరబెట్టి, కచ్చాపచ్చాగా దంచి, కొంచెం వెన్న కరిగించి అందులో వేసి, సన్నసెగ మీద మూత పెట్టాలి. వడగట్టి, గడ్డకట్టాక క్రీములో కలపాలి. హెలెన్ అలాగే చేసి, ఒంటిగంటన్నరకు చెంచాతో పక్కింటికి వెళ్ళింది.

"పిన్నమ్మా, నోరు తెరువు."

"రంజాను నెల్లో ఒక్కపొద్దుదాన్ని నోరు తెరవమంటావేం పిల్లా? మీ యేసయ్య చూస్తున్నాడు, జాగ్రత్త."

"మీ అల్లా కూడా చూస్తన్నాడులే. నాలిక మీద పెట్టుకుని ఉమ్మెయ్."

వండేవాళ్ళు మింగకుండా రుచి చూస్తే ఒక్కపొద్దు చెడదని జైతున్‌బీ నమ్మకం. నలభై రంజానులు అలాగే వండింది. వేలికొసతో ఇంత తీసి నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకుని, లేచి దొడ్లో ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చింది.

"వెన్న ఉంది, పంచదార ఉంది. సుగంధి ఇంకా కొట్లోంచి బయల్దేరలేదే."

"ఎంత వెయ్యమంటావ్?"

"ఇంకో గుప్పెడు వేళ్ళు వెయ్. మాటిమాటికీ మూత తియ్యమాక, ఉన్న వాసనంతా గాల్లోకి పోద్ది. చిటికెడు ఉప్పు వెయ్."

"కేకు కోసం డాక్టరమ్మ దగ్గర్నుంచి అయిదింటికల్లా మార్కు వచ్చేస్తాడు."

"వస్తే కూచోబెట్టు. కాంపౌండరేగా, కలెక్టరేం కాదుగా."

నవ్వబోయి ఆయాసపడింది. చెమట చెంపల మీంచి కారుతోంది.

"నీ మొహం అట్టా పీక్కుపోయిందేంది? మొన్నే కదా గుండెలో పట్టేసినట్టుంది అన్నావు. ఒక్కపొద్దు విడిచెయ్ పిన్నమ్మా. మీవాడు పీరుకి ఫోన్ చేస్తా."

"నోర్ముయ్. ఆటో తోలుకునేవాణ్ణి తోలుకోనీ. పో, నీ పొయ్యి చూసుకో."

మూడు గంటలకు రెండోసారి కలిపిన క్రీము సాసరులో పెట్టుకుని హెలెన్ మళ్ళీ వెళ్ళింది. జైతున్‌బీ కళ్ళు మూసుకుని తస్బీ దండ పూసలు తిప్పుతోంది. మాట్లాడొద్దని చెయ్యి ఊపి, స్టూలు చూపించింది. హెలెన్ సాసరు అక్కడ పెట్టి వచ్చేసింది.

కేకు పొరలు కోసింది. అట్ట మీద కింది పొర సర్దింది. గోడవతల నుంచి కేక కోసం ఒక చెవి అటే వేసి ఉంచింది. బాగుంటే 'సరే' అనీ, బాగోకపోతే 'తగలెట్టావ్' అనీ జైతున్‌బీ కేకేస్తుంది. అంతకుమించి ఏనాడూ మెచ్చుకోలేదు. నాలుగయింది. నాలుగున్నరయింది. కేక లేదు. నిద్రపోయిందేమో, లేపి అడుగుదామని వెళ్ళింది.

జైతున్‌బీ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తస్బీ వేళ్ళకు చుట్టుకుని ఉంది.

"పిన్నమ్మా."

పాదం పట్టుకుని కదిపింది. చల్లగా ఉంది. ఆ ఎండలో ఆ వీధి మొత్తం మీద చల్లగా ఉన్నది ఆ పాదం ఒక్కటే.

హెలెన్ ఆ పాదం వదలకుండా రెండో చేత్తో పీరుకు ఫోన్ చేసింది. వాడు ఆటో వీధి మొదట్లోనే వదిలేసి పరుగెత్తుకొచ్చి, తల్లిని చూసి గుమ్మంలో కూలబడ్డాడు. ఆడవాళ్ళు చేరారు. ఎవరో మసీదుకు కబురు పంపారు.

అయిదింటికి మార్కు స్కూటర్ ఆపాడు. జనాన్ని చూసి గొంతు తగ్గించాడు.

"హెలెన్ గారూ, కేకు అయిందాండీ? డాక్టరమ్మగారు రెండుసార్లు ఫోన్ చేశారు."

"కేకు లేదు మార్కూ. వెళ్ళిపో."

"లేదంటే ఎట్టాగండీ? పెద్దావిడ కొత్తచీర కట్టుకుని కూర్చుంది."

"నాకు వాసన తెలీదయ్యా." పదకొండేళ్ళు దాచిన మాట వీధిలో అందరి ముందూ అనేసింది. "ముక్కు పోయింది నాకు. క్రీము ఎట్టా వచ్చిందో చెప్పే మనిషి అదిగో, పడుకుంది."

మార్కు స్కూటర్ దిగాడు. "నేను రుచి చూసి చెప్పనాండీ?" అన్నాడు. హెలెన్ చెంచాతో తెచ్చి పెట్టింది.

"బానే ఉందండీ. తియ్యగా ఉంది."

"సుగంధి తెలుస్తందా?"

"సుగంధి అంటే ఎట్టా ఉంటదండీ?"

హెలెన్ చెంచా లాక్కుంది.

"అక్కా, లోపల పెట్టెలో కొత్త దుప్పటి ఉంటది, అమ్మ మీద కప్పాలి," అన్నాడు పీరు గుమ్మంలోంచి. హెలెన్ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళింది. పెట్టె పక్కన గట్టు మీద మూత పెట్టిన కంచం ఉంది. దారికి అడ్డంగా ఉందని జరపబోయి మూత ఎత్తింది. ఒక్కపొద్దు విడవడానికి పెట్టుకున్నవి: గ్లాసుడు నీళ్ళు, ఒక ఖర్జూరం. ఖర్జూరం పక్కన తను ఇచ్చిన సాసరు. క్రీము మధ్యలో ఒక గుంట, వేలికొసంత.

పిన్నమ్మ రుచి చూసింది. ఉమ్మేసింది. మిగిలింది దాచుకుంది. బాగోకపోతే తలుపు దగ్గర తిరిగే పిల్లికి పెట్టేసేది. పొద్దంతా నోరు కట్టుకున్న మనిషి, సాయంత్రం మొదట నోట్లో పెట్టుకునేవాటి పక్కన దాన్ని కూడా పెట్టుకుంది.

హెలెన్ మూత పెట్టేసింది. దుప్పటి తెచ్చి జైతున్‌బీ మీద కప్పి, పాదాల దగ్గర సర్దింది. బయటికొచ్చి, "మార్కూ, పది నిమిషాలు కూచో," అంది. ఇంట్లోకి వెళ్ళి గిన్నె కింద కొత్త ఐసు పోసి, ఏడుస్తూనే కేకు మొత్తం పూసింది. అంచులు తీసి, పెట్టెలో పెట్టి మార్కు చేతికిచ్చింది.

"మెల్లగా తోలు. డాక్టరమ్మకి నా ముక్కు సంగతి కూడా చెప్పు. ఎవరో చెబితే వినడం కంటే నేనే చెప్పి పంపడం నయం."

మార్కు తలూపి వెళ్ళిపోయాడు. హెలెన్ చేతులు కడుక్కుని జైతున్‌బీ తల దగ్గరకు వెళ్ళి కూర్చుంది.

పొద్దు వాలి మసీదు మైకు పలికింది. వాకిట్లో ఉన్నవాళ్ళు ఎవరో పంచిన ఖర్జూరాలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. పీరు చేతిలోది తినలేక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లో గట్టు మీద మూత కింద, క్రీము ఆ వేడికి అంచుల దగ్గర కరిగి సాసరులోకి జారింది. మధ్యలో వేలు పెట్టిన గుంట మాత్రం ఇంకా ఉంది.