స్నెజానా నింపిన పన్ను

ప్లోవ్‌దివ్‌లో పళ్ల డాక్టరుగా పనిచేసిన స్నెజానా పోయాక, ఆమె చేతి పనిలో భర్త జివ్కోకు మిగిలింది తన దవడ పన్నులోని సిమెంటొక్కటే. ఇప్పుడు దాని అంచున నీరు దిగి పన్ను జివ్వుమంటోంది.

“మొత్తం తీసేస్తావా అమ్మా?” అని ఆమె శిష్యురాలు రలిత్సాను భయంభయంగా అడిగాడు.

రలిత్సా సన్నటి ఉక్కు ముల్లుతో పన్ను చుట్టూ తడిమింది. “ఈ అంచే వదిలింది బాబాయ్. మిగతాదంతా గట్టిగా పట్టుకునే ఉంది. మేడమ్ అతికిస్తే ఊరికే ఊడుతుందా? చెడినంతే తీసి, కొత్తది దానికే అతికిస్తాను.”

“తడి తగిలితే జిగురు పట్టదని, పన్ను నింపేటప్పుడు తను నన్ను మాట్లాడనిచ్చేది కాదు. ఇప్పుడు మాట్లాడదామంటే...” జివ్కో కంగారుగా కళ్లు తుడుచుకున్నాడు.

“నోటి తడితోనే బాబాయ్ గొడవంతా. నోరు తెరిచి ఉంచి, తనివితీరా ఏడవండి,” అంటూ రలిత్సా ఆయన చెంప తుడిచి, పన్ను ఆరబెట్టసాగింది.