అమాసలో పడ్డ పసుపు సాలు

హన్మవ్వకు తెల్లవారడమంటే వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్ ముందు నిలబడడం. చదువు రాదు కాబట్టి, "ఇయ్యాల ఏముంది బిడ్డా?" అని కోడలిని అడిగేది. కావ్య పొయ్యి మీద చాయ్ పెట్టి, గడుల్లోని చిన్నక్షరాలు చదివి చెప్పేది: ఏ తిథి ఎన్ని గంటల దాకా ఉంది, చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడు. ఆ రోజు పెరడు దాన్నిబట్టి నడిచేది.

వెన్నెల దినాల్లో బీర, చిక్కుడు, టమాట. చంద్రుడు కర్కాటకంలోనో మీనంలోనో ఉంటే ఆకుకూరలు. సింహంలో ఉన్నాడంటే కలుపు తీయడం తప్ప ఇంకో పని పెట్టుకునేది లేదు. చీకటి దినాల్లో ముల్లంగి, ఉల్లి, చామగడ్డ, పసుపు. బోధన్‌లో పూలకుండీలు అమ్మే బిల్కిస్ ఫోన్ చేసి, "అవ్వా, మెంతి ఎప్పుడు ఏసుడు?" అని అడిగితే, పంచాంగం తనే రాసినంత దర్జాగా "పంచమి దాటనియ్యి" అనేది హన్మవ్వ.

చీకటి దినాల్లో నాటినవాటిని కిందివాళ్లు, అంటే పోయి మట్టిలో కలిసినవాళ్లు, పట్టుకుంటారు. గడ్డ ఊరేది అందుకే. కందకుర్తి పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముల్లంగి పీకేముందు మట్టిని మూడుసార్లు తట్టి "ఇడువుండ్రి" అనాలి. కింద ఎవరో వేళ్లు సడలించినట్టు తెలుస్తుంది, ముల్లంగి వచ్చేస్తుంది. మట్టి పరీక్షకని వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన అమ్మాయి కూడా మర్యాదగా తట్టి, అడిగి, సంచిలోకి మట్టి ఎత్తుకుని పోయింది.

ఒక్క అమాస నాడు మాత్రం ఎవరూ విత్తనం ముట్టరు. అమాసలో పట్టుకున్నవాళ్లు ఎంత అడిగినా ఆ గడ్డను వదలరు. పంట పండాక, మాఘమాసపు అమాస రాగానే, పైన తమ చేతికి దొరికిన మనిషిని లోపలికి తీసుకుపోతారు.

కావ్య కూతురు దీక్షిత రెండేళ్ల కింద వానకాలంలో జ్వరమొచ్చి పోయింది. దానికి ఏడేళ్లు. చెరుకు చేను గట్టున పాతిపెట్టారు. ఆ రోజు నుంచి కావ్య క్యాలెండర్ జోలికి పోలేదు. జాకెట్లు కుట్టే మిషన్ మీద దుప్పటి కప్పింది. పిలిస్తే పలికేది, పెడితే తినేది. హన్మవ్వ కూడా అడగడం మానేసింది. క్యాలెండర్‌లో పున్నానికి తెల్లచుక్క, అమాసకు నల్లచుక్క ఉంటాయి కదా, వాటిని చూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ గడుపుకొచ్చింది.

నిరుడు రోహిణి కార్తెలో పెరట్లో పసుపు పెట్టారు. నల్లచుక్క మరునాటి గడిలో ఉంది, ఇవాళ్టికి భయం లేదనుకుంది హన్మవ్వ. అమాస ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకే మొదలవుతుందని చిన్నక్షరాల్లో ఉంది, కానీ అది చదివే మనిషి చదవడం మానేసింది. పదకొండు సాళ్లు మంచిగానే పడ్డాయి. పన్నెండో సాలు అన్నాలు తిన్నాక కావ్య పెట్టింది.

ఆఖరి కొమ్మును మట్టిలోకి నొక్కుతుంటే కింద నుంచి ఎవరో ఆమె చూపుడువేలు పట్టుకున్నారు. దీక్షిత బజారుకు పోయేటప్పుడు చేయి మొత్తం పట్టుకునేది కాదు, ఆ ఒక్క వేలు పట్టుకుని నడిచేది.

కావ్య వంగినచోటే ఉండిపోయింది.

"నడుం పట్టిందా బిడ్డా?" అని అడిగింది హన్మవ్వ.

"లేదత్తమ్మా. దీక్షమ్మ పట్టుకున్నది."

హన్మవ్వ లోపలికి పోయి, క్యాలెండర్ మేకు నుంచి తీసి, పక్కింటి సౌందర్యతో చిన్నక్షరాలు చదివించుకుంది. విన్నాక వాళ్ల గడప మీదే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత కావ్యకు రోజూ అదే పని. వాకిలి ఊడ్చి, స్నానం చేసి, పన్నెండో సాలు పక్కన పీట వేసుకుని మట్టిలో చేయి పెట్టేది. మొదట్లో వేళ్ల వరకే పోయేది. బతుకమ్మ పండుగకు మణికట్టు దాకా, పుష్యమాసానికి మోచేయి దాకా పోయింది. మనిషి తేటపడింది. మిషన్ మీది దుప్పటి తీసింది, ఆగిపోయిన జాకెట్లన్నీ కుట్టడం మొదలుపెట్టింది. చూసేవాళ్లకు బాగుపడ్డట్టే ఉండేది. తిండి మాత్రం రోజురోజుకూ తగ్గింది. దారిన పోయేవాళ్లు గోడ మీదుగా అడిగేవాళ్లు.

"దీక్షమ్మ మంచిగున్నదా?"

"ఉన్నది. చేతులే సల్లగుంటున్నయి."

పసుపు ఆకు ఎండింది. కావ్య భర్త రాజశేఖర్ చెరుకు ట్రాక్టర్ తోలుతాడు. రెండు రోజులు పని మానుకుని పదకొండు సాళ్లు తవ్వాడు. పన్నెండో సాలులో గడ్డపార దించితే అది దిగినచోటే ఉండిపోయింది. ఎంత గుంజినా రాలేదు. కావ్య వచ్చి తట్టి అడిగితే గడ్డపారను వదిలారు.

"దాన్ని ముట్టకుండ్రి," అంది కావ్య.

రాజశేఖర్ మట్టిలోనే కూర్చున్నాడు. "మాఘ అమాస పది దినాలు లేదు. నీకు ఎరుకే గదా. ఇంట్ల నేనొకణ్ణి ఉన్న గదనే."

"మీకు ఆకలైతే అడుగుతరు. అది ఎవల్ని అడుగుతది?"

ఆ పది రోజులూ అతను ట్రాక్టర్ మీద ఊరు దాటగానే ఏడ్చేవాడు, ఊరు రాగానే ముఖం తుడుచుకునేవాడు.

అమాస నాడు పొద్దున హన్మవ్వ వంటింట్లోకి వచ్చేసరికి కావ్య క్యాలెండర్ ముందు నిలబడి ఉంది.

"అత్తమ్మా, అమాస పదింటికి వస్తది. చంద్రుడు కుంభంల ఉన్నడు," అని చదివింది.

ఎన్నాళ్లకో కోడలి నోట తిథి విన్నందుకు హన్మవ్వకు ఒక్క క్షణం పాణం లేచొచ్చింది. అప్పుడు చూసింది. కావ్య తలస్నానం చేసింది, పెట్టెలోని పచ్చ చీర కట్టింది. కుట్టిన జాకెట్లన్నీ ఎవరివి వాళ్లకు నిన్ననే ఇచ్చేసింది. మిగిలిన గుడ్డముక్కలను కూడా మడతపెట్టి, మిషన్ చుట్టూ అంతా సర్దేసి ఉంది. రాజశేఖర్ చెరుకు లోడుతో ఇంకా తిరిగి రాలేదు.

పది కావస్తుంటే కావ్య చేయి భుజం దాకా మట్టిలో ఉంది. చెంప నేలకు ఆనింది. ముఖంలో భయం లేదు. అది చూసే హన్మవ్వకు భయమేసింది. ముసలామె మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చుంది.

"జరుగు," అంది.

"వద్దత్తమ్మా. నన్ను పోనియ్యి. అది నా బిడ్డ."

"నాకు మాత్రం పరాయిదా? నల్లచుక్క సూసి మోసపోయింది నేను."

"సదువకుండ ఉన్నది నేను."

"సరే, ఇద్దరిది తప్పే. జరుగు ముందు."

హన్మవ్వ గాజులు పైకి తోసుకుని కావ్య చేతి పక్క నుంచే తన చేయి మట్టిలోకి దించింది. నేల మీద తల వాల్చి, గోడ అవతలి పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"దీక్షమ్మా, అవ్వను వచ్చిన. అమ్మ చెయ్యి నొస్తుందట, ఇడువు బిడ్డా. నాది పట్టుకో. నీకు దాని కన్న మంచి ముచ్చట్లు చెప్త."

కిందున్న పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒక వేలు వదిలింది, రెండో వేలు వదిలింది, తర్వాత మొత్తం చేయి ఖాళీ అయింది. కావ్య భుజం దానంతటదే పైకొచ్చింది. హన్మవ్వ చేయి మోచేయి దాటి లోపలికి పోయింది.

ప్రాణం దక్కిందన్న సంతోషం కావ్యకు రాలేదు. కుళ్లు పుట్టింది. అది ఎప్పుడూ ఇంతే. తను ఎత్తుకుని ఉన్నా, అవ్వ చేతులు చాపడమే ఆలస్యం, దూకేది.

"ఒక్క మాటకే ఇడిసిపెట్టింది," అని నేల మీద చరుస్తూ ఏడ్చింది. "తొమ్మిది నెలలు కూసున్న దీనికాడ. ఒక్క మాటకే."

"పిల్లలు గంతే బిడ్డా," అంది హన్మవ్వ. ముఖం అప్పటికే తెల్లబడుతోంది, గొంతు మాత్రం హాయిగా ఉంది. "పో, అన్నం ఒండు. వాడు ఆకలి మీద వస్తడు. మా ఇద్దరికి ముచ్చటున్నది."

"అత్తమ్మా..."

"పో అంటున్న గదా."

కావ్య లేచింది. వంటింట్లో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. కుడిచేయి మొద్దుబారి ఉంది, ఎడమచేత్తో గంటె తిప్పింది. పెరట్లో హన్మవ్వ గొంతు ఏదో చెబుతూనే ఉంది. మధ్యలో నవ్వింది. ఆ నవ్వులో ఇంకో చిన్న నవ్వు కలిసింది. కావ్య వినకూడదనుకుంటూనే తలుపు దగ్గరికి వచ్చి విన్నది. మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

అన్నం ఉడికేసరికి ముచ్చట ఆగింది.

కావ్య పొయ్యి ఆపింది. తొంగి చూడకుండానే రాజశేఖర్‌కు ఫోన్ చేసింది.

"జల్ది ఇంటికి రాండ్రి. అత్తమ్మ పోయింది."

అటువైపు ఇంజన్ ఆగింది. అతను భయం భయంగా అడిగాడు.

"నువ్వు?"

"నేనున్న," అంది కావ్య.