గోడకేసి చూస్తూ తీసిన ఈసీజీ

ఈ కాగితం మీద ఎగుడుదిగుడుగా సాగిపోతున్న గీత నిజంగా తన గుండెదేనా? లీదియా దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి తనను తాను ప్రశ్నించుకుంది.

వైరల్ జ్వరంతో ఆసుపత్రిలో చేరిన నాడు తీసిన ఈసీజీ చూసి డాక్టరు నుదురు ముడిచాడు. "కొందరిలో గుండెకు రాబోయే ముప్పును ఈ గీతే ముందుగా చెబుతుందమ్మా" అన్నాడు. ఈ ఉదయం తీసిన ఈ కాగితాన్ని చూసి, అంతా సర్దుకుంది, సాయంత్రం ఇంటికి వెళ్ళవచ్చన్నాడు. మరి బాత్‌రూమ్ దాకా నడిస్తే గుండె దడదడమంటూ గొంతులోకి ఎందుకు వస్తోంది?

ఆ మాటే అంటే భర్త కిరణ్ పాల్ నవ్వేశాడు. "నీది గుండెజబ్బు కాదు, ఆలోచనల జబ్బు. అక్కడ ఇల్లంతా ఆగిపోయి కూర్చుంది." ఆమె ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్నప్పుడు కూడా మణికొండలోని ఇంటి నుంచి ఫోన్ చేసి, కుక్కరు రబ్బరు ఎక్కడ పెట్టావని అడిగిన మనిషి. పెళ్ళయ్యాక తన ఒంటి గురించి తన సాక్ష్యం ఎన్నడు చెల్లింది గనుక? నొప్పి ఆమెది, అది ఉందో లేదో తేల్చేది ఇంట్లోవాళ్ళు. ఆ తీర్పును తానే ఎంత సులువుగా నమ్ముతూ వచ్చిందో తలచుకుంటే భయం వేసింది.

గౌను లోపల ఏదో గుచ్చుకుంటోంది. తడిమి చూసింది. పొద్దున ఈసీజీ కోసం ఒంటికి అంటించి, తీయడం మరచిన బిళ్ళ. రొమ్ము కింద, దాదాపు పొట్ట మీద. చేరిన నాడు వాటిని పక్కటెముకల సందులు వెతికి మరీ పైన అతికించారు. అప్పుడు కిరణ్ కారు నిలపడానికి వెళ్ళాడు. అత్తగారు ఇంకా రాలేదు. ఈ ఉదయం ఆవిడ మంచం పక్కనే నిలబడి దుప్పటిని మెడదాకా లాగింది. "అలా కిందనుంచే కానివ్వు బాబూ, ఆడకూతురు." ఈసీజీ తీసే వీరేశం గోడకేసి చూస్తూ, దుప్పటి కింద చేయి పెట్టి, తగలరానిది తగలకుండా బిళ్ళలను కిందికి జరిపి అంటించాడు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. తాను కళ్ళు మూసుకుంది. బిళ్ళల చోటు మారితే గీత మారదూ?

బెల్లు నొక్కి వీరేశాన్ని పిలిపించింది.

"మళ్లా ఏంది మేడం? డిశ్చార్జ్ రాసిన్రు గదా!"

"ఇంకోసారి తీయండి."

కిరణ్ లేచాడు. "ఎవరు చెప్పారు?"

"నేను. అత్తయ్యను తీసుకుని బయట కూర్చోండి."

"చూశావా అబ్బాయ్, ఎంత బరితెగింపో!" అంటూనే అత్తగారు తలుపు దాటింది. కిరణ్ వెనకే వెళ్ళాడు.

వీరేశం చూపు అప్పుడే గోడ మీదికి పోయింది. "మీ అత్తమ్మ నన్ను తిడ్తది మేడం. జర నన్ను పరేషాన్ చెయ్యకున్రి."

"అటు కాదు. ఇటు చూసి, ఎముకలు లెక్కపెట్టి పెట్టండి" అంటూ లీదియా గౌను ముడి విప్పింది.