కాగితపు బిళ్ళ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మిరపకాయల తొడిమలు తీస్తున్న జేజి, అంటే నాయన తల్లి జానీబీ, పొయ్యి దగ్గర అమ్మ మహబూబ్‌బీ, పడసాలలో నాయన వలి బాషా, ఆయనకెదురుగా ప్రొద్దుటూరి మెకానిక్కు దావూద్. తలుపు వెనక వాళ్ళ కూతురు దిల్షాద్. పరాయి మగవాళ్ళు వస్తే ఆమె ఆ తలుపు దాటకూడదు.

మిలటరీ వేలంలో కొన్న పాత పికప్పు నాలుగు రోజులుగా వాకిట్లో కదలకుండా ఉంది. బ్రేకు తొక్కితే చక్రాలకు నూనె తోసే మాస్టర్ సిలిండరు పాడైంది. అంగడివాడు దావూద్‌కు రెండు కొత్తవి ఇచ్చి, సరిపోనిది వాపసు తెమ్మన్నాడు. ఒకటి సన్నది, ఒకటి లావుది. పోల్చి చూద్దామంటే పాతదాన్ని దావూద్ అప్పుడే పాత ఇనుములో వేసేశాడు. మిగిలింది దానిలోపలి రబ్బరు వాషరు ఒక్కటే.

“ఇది సన్నదాంట్లో దూరనే దూరదు మామా. లావుదే మనది,” అన్నాడు దావూద్.

“సరే బిగించు. రేపు పులివెందల్లో శనక్కాయ మూటలెత్తుకోని ముద్దనూరు కొండ దిగాల.”

ఆ మాటకు దిల్షాద్ తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది. ఎండాకాలంలో ఆ వాషరు కొత్తగా వేసేటప్పుడు, కడిగివ్వమని అప్పటి మెకానిక్కు ముసలి మేస్త్రి తలుపు సందులోంచి ఆమె చేతికే ఇచ్చాడు. సిలిండరు లావుదైతే ఎంత తొక్కినా బండి ఆగదని ఆయనే చెప్పాడు. ఆ మాట డైరీలో రాసుకుని, పక్కనే వాషరు పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకుంది.

“నాయనా, ఆ వాషరు ఉబ్బింది,” అంది తలుపు సందులోంచి.

దావూద్ పకపకా నవ్వాడు. “వాషరుకు జలుబు చేసిందా పాపా?”

నాయన కూడా నవ్వాడు. దిల్షాద్‌కు ఏడుపొచ్చింది. డైరీలోని ఆ గుండ్రాన్ని కత్తిరించి, మొదటిసారి గడప దాటి, రెండు సిలిండర్ల ముందు కూర్చుంది. కాగితపు బిళ్ళ సన్నదాని మూతిలో అచ్చు కుదిరింది. లావుదాంట్లో జారి లోపల పడింది.

దావూద్ నవ్వడం మానేశాడు. “రబ్బరు ఊరికే ఉబ్బదే. వేరే నూనె ఏమన్నా పోసినావా మామా?”

పోయిన నెల దావూద్ చేసిన చేతకాని పనివల్లే బ్రేకు పోయిందని నాలుగు రోజులుగా వీధంతా వినేలా తిట్టింది నాయనే. ఆయనే చెప్తాడని దిల్షాద్ ఎదురుచూసింది. ఆయన మీసం దువ్వుకుంటున్నాడు.

“పోయిన శుక్కురారం బ్రేకాయిలు దొరకలేదని ఇంజనాయిలు పోసినావు గదా నాయనా,” అంది నేలచూపులు చూస్తూ.

“నేనా? నేనెప్పుడు పోసినా?” నాయన లేచాడు. ముఖం కందగడ్డ అయింది. “మగోళ్ళ పనిలో నీకేం పనే? లోపలికి పో!”

“కొండ దారి నాయనా…”

“మామా, ఒకతూరి ఆలోచన చేయి,” అన్నాడు దావూద్ మెల్లగా.

“నువ్వు గూడా ఆడపిల్ల మాట ఇంటావా? లావుదే బిగించప్పా!”

దిల్షాద్ భుజం పట్టి గడప లోపలికి నెట్టి, నాయన తలుపు మూసేశాడు.