పేర్ల పలక

మీలా హుదాక్ వెనిగర్ కలిపిన నీళ్లతో పేర్ల పలక అద్దం తుడుస్తోంది.

హార్మన్ భవనం కట్టిన 1911 నుంచీ ఆ పలక కింది హాల్లోనే ఉంది. ఎవరి ఆఫీసు ఏ అంతస్తులో ఉందో చెప్పేందుకు నల్ల మఖమల్ గుడ్డలో తెల్ల అక్షరాలు గుచ్చుతారు. ముప్ఫయ్యెనిమిదేళ్లుగా గుచ్చేదీ, తీసేదీ ఆమే. ఒకప్పుడు నూట నలభై పేర్లు. లాయర్లు, పళ్ల డాక్టర్లు, సరస్సులో ఓడలు నడిపే కంపెనీల వాళ్లు. ఒక్కొక్కరే ఊరి చివరి కొత్త భవనాలకు వెళ్లిపోయారు. ఎండకు గుడ్డంతా వెలిసింది కానీ అక్షరాల కింద వెలవలేదు. తీసేసిన పేర్లు మరకల్లా ఇంకా కనిపిస్తాయి.

మిగిలింది ఒక్కటే. ఆన్సెల్ టటిల్, కళ్లజోళ్లు, తొమ్మిదో అంతస్తు. ఆయన ఖాళీ చేస్తే భవనం పడగొట్టి కార్లు నిలిపే స్థలం చేస్తారు. మీలా పనీ అంతటితో సరి. ఆయన్ని కదిలించడానికే నవంబరులో లిఫ్టు ఆపేశారు.

ఎనిమిదిన్నరకు టటిల్ మంచు దులుపుకుంటూ వచ్చాడు. ఎనభై ఒకటో ఏడు.

"ఏమ్మా మీలా, ఇంకా ఉన్నానా?"

"ఉన్నారు. మీ కాలరుకన్నా మీ పేరే శుభ్రంగా ఉంది."

"తొమ్మిది అంతస్తులెక్కే ముసలాడికి కాలరొకటా!"

చలి తగ్గేదాకా ఇంట్లో ఉండండి అనబోయి ఆగిపోయింది. నిజంగానే ఉండిపోతాడేమోనని భయం.

మధ్యాహ్నం రోజూలాగే క్యాబేజీ సూపు తీసుకుని మెట్లెక్కింది. ఆరో అంతస్తు మలుపులో ఆయన కూర్చుని ఉన్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఆయాసం తీర్చుకుంటున్నట్టే. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. సూపు ఇంకా వేడిగానే ఉంది.

ఆయన్ని దించి తీసుకెళ్లాక మేనేజరు కియో వచ్చాడు.

"ఆ పేరు తీసెయ్, మీలా."

"తాళంచెవి అప్పగించందే పేరు తియ్యం కదా సార్. అది ఈ భవనం పద్ధతి."

కియో జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన కోటులో దొరికింది. రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు."

ఒక్కొక్క అక్షరం తీసి, తుడిచి, పెట్టెలో దాని గడిలో పెట్టింది. కోటు గుండీలు పెట్టుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. పలక మీద దీపం ఆర్పడం మర్చిపోయింది.

ఆ వెలుతురులో, వెలిసిన మఖమల్ మీద, పాత పేర్లన్నిటికన్నా నల్లగా ఆన్సెల్ టటిల్.