పూలు చూడబోయిన భూతద్దం

నేను ఒక భూతద్దాన్ని. ఉన్నదాన్ని పెద్దది చేసి చూపడం నా వృత్తి. లేనిదాన్ని చూపమంటే నా వల్ల కాదు. ఆ ఉదయం హగరి ఏటి ఒడ్డున ఇసకదిబ్బ మీద నాకు ఆ గతే పట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ దిమ్మ తిరుగుతుంది.

ఎక్కడో ఉత్తరాన ఒక కార్ఖానాలో నన్ను అరగదీసి, మెరుగుపెట్టి, ఇత్తడి చట్రంలో బిగించారు. ఆ తర్వాత బతుకంతా కాలేజీలో బోటనీ చెప్పే హైమవతి మెడలో, దారానికి వేలాడుతూ గడిచింది. మనుషులు భలేవాళ్లు. ఏనుగును చూడాలంటే టికెట్ కొంటారు, కాలి కింది పువ్వు కోసం నడుం వంచరు. ఈవిడ మాత్రం వంగేది.

రిటైరయ్యాక ఆమె చూపు మధ్యలో మసక మొదలైంది. వచ్చే ఏటికి ఈపాటి చూపైనా ఉంటుందని చెప్పలేనన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే ఆ కరువు సీమలో వానలు విరగబడి కురిశాయి. హగరి పారింది. ఏళ్ల తరబడి ఎండిన ఆ దిబ్బలు అంత తడి తాగితే పూస్తాయి: పల్లేరు పసుపుగా, విష్ణుక్రాంత శనగగింజంత నీలంగా. చూపు పోయేలోపు ఆ నీలాన్ని ఇంకొక్కసారి చూడాలని ఆమె పట్టుబట్టింది.

వాన తెరిపి ఇచ్చింది మొదలు ఇంట్లో ఆ ప్రయాణం ధ్యాసే. ఎండెక్కితే పూలు ముడుచుకుంటాయని తెల్లారేసరికి దిబ్బ చేరాలనుకుంది. ఇసకలో బోర్లా పడుకోవడానికి పాత దుప్పటి, టోపీ, నీళ్లు, తినడానికి బొరుగుల ఉగ్గాణి డబ్బా సర్దుకుంది. కారు మాట్లాడుకుంది. నన్ను తుడిచిందే తుడిచింది. దిబ్బ పక్కనే చేను ఉన్న తిప్పేస్వామికి ఫోను చేసింది. అతను ఆమె పాత శిష్యుడు. బోటనీలో తప్పాడు గానీ మేడం అంటే ప్రాణం. మీ దిబ్బ మీద పూలు చూడ్డానికి వస్తున్నానని చెబితే, మీరు రండి, అన్నీ నేను చూసుకుంటానన్నాడు.

ఆ అన్నీ ఏమిటో అడగాలని ఆమెకు తోచలేదు.

కారు దిగగానే రెండు గుంజలకు వేలాడుతున్న బంతిపూల తోరణం కనిపించింది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీ, కొబ్బరిబోండాం. వెనక దిబ్బ మీద ఒక్క పచ్చని ఆకు లేదు. నోరుంటే కెవ్వున అరిచేదాన్ని!

తిప్పేస్వామి మురిసిపోతూ ఎదురొచ్చాడు. "నిన్ననే ట్రాక్టరుతో గుంటక తోలించినాను మేడం. కలుపంతా పీకేసినాము. మీ కాలికి పల్లేరుగాయ ఒగటి గుచ్చుకున్నా నాకు పాపం కదా."

హైమవతి చెయ్యి నన్ను పట్టుకునే ఉంది. మెల్లగా అంది: "నేను చూద్దామని వచ్చింది ఆ కలుపునే నాయనా."

అతని ముఖం పాలిపోయింది. ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తి, గుంటక బద్దకు చుట్టుకున్న తీగ ఒకటి పీక్కొచ్చాడు. పువ్వు వాడి, ముడుచుకుపోయి ఉంది. ఆమె నన్ను కంటికి ఆనించుకుంది. నా శక్తి కొద్దీ పెద్దది చేశాను. ఆమెకు మసక తప్ప ఏమీ కనపడలేదు. నా బతుకులో అంత సిగ్గుపడ్డది లేదు.

నన్ను మెడలోంచి తీసి అతని చేతిలో పెట్టింది. నువ్వు చూడమంది. చూశాడు. ముడతల మధ్య ఇంకా మిగిలిన నీలాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. ఇన్నేళ్లూ దీన్నేనా తొక్కింది అన్నాడు. ఆమె నన్ను తిరిగి తీసుకోలేదు.

రెండేళ్లకు గానీ మళ్లీ అంత వాన పడలేదు. అప్పటికి ఆమెకు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తున్నాయి. ఒక పొద్దున తిప్పేస్వామి అదే దిబ్బ మీద బోర్లా పడుకుని, ఒక చేత నన్ను, ఒక చేత ఫోను పట్టుకున్నాడు.

ఎన్ని రేకులు అని అడిగింది ఆమె.

"విడివిడిగా లేవు మేడం. అన్నీ కలిసి ఒగటే గుండ్రంగా ఉండాయి."

తర్వాత ట్రాక్టరు ఎక్కడుందని అడిగింది.

"షెడ్డులో. తాళంచెవి నా మొలతాడుకే కట్టుకున్నాను."

"అయితే సావకాశంగా చెప్పు," అంది హైమవతి.